పులి వాకిట్లోంచి మల్లన్న దారి

శ్రీశైలం వెళ్ళే ప్రతి బస్సూ పెద్దపులి తిరిగే అడవిలోంచే వెళ్తుంది. దర్శనానికి కాకుండా ఆ అడవి కోసమే ఒకసారి ఆగి చూశాం.

పొద్దున ఐదూ నలభై. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర మా ముందు ముప్పై బండ్ల దాకా ఉన్నాయి. వెనక ఎన్నున్నాయో చీకట్లో లెక్క తెలియలేదు. అందరూ హైదరాబాద్ నుంచి రాత్రికి రాత్రి వచ్చినవాళ్ళే. టీ బంకు చుట్టూ గుంపు, బస్సు కిటికీలకు ఆనిన నిద్రమొహాలు, కార్ల అద్దాల మీద మల్లన్న బొమ్మలు. గేటు ఆరింటికి ఎత్తుతారు. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా ఇక్కడికీ దోమలపెంటకీ మధ్య బండి తిరగకూడదు. వెనకెవరో ఆగకుండా హారన్ కొడుతున్నాడు. "అభిషేకం టైమైపోతోంది, ఓ పది నిమిషాలు ముందు వదలండి" అని ఇంకొకాయన గార్డును బతిమాలుతున్నాడు.

అమ్మ కారు దిగి రోడ్డు వారన నిలబడింది. డెబ్భై ఆరేళ్ళ మనిషి. చెట్ల వైపు తిరిగి గట్టిగా గాలి పీల్చి, "ఇప్పపూలు రాలుతున్నాయిరా" అంది.

నాకు డీజిల్ వాసన తప్ప ఇంకేమీ తెలియలేదు.

ఈ దారిన చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు వెళ్ళానో చెప్పలేను. అడవి కోసం మాత్రం ఒక్కసారీ వెళ్ళలేదు. తెలుగువాళ్ళలో నాలాంటివాళ్ళే ఎక్కువ. పులిని చూడాలంటే తడోబాకు, కన్హాకు, రణథంబోర్‌కు టికెట్లు కొంటాం. పిల్లలకు వేసవి సెలవులొస్తే కబినికో బందీపూర్‌కో వెళ్తాం. దేశంలోకెల్లా విస్తీర్ణంలో పెద్దదైన పులుల అభయారణ్యం మన గుడి దారిలోనే ఉందన్న సంగతి గుర్తుకు రాదు. శ్రీశైలం అనగానే గోపురం, డ్యామ్ గేట్లు, ఘాట్ రోడ్డు మలుపులు, పులిహోర పొట్లం. అడవి అంతసేపూ కిటికీ అవతలే ఉండిపోతుంది.

ఈసారి దర్శనాన్ని తిరుగుప్రయాణానికి పెట్టుకున్నాం. అమ్మ ఒప్పుకోదేమో అనుకున్నాను. అందరికంటే ముందు కారెక్కింది ఆమే.

"నువ్వు శ్రీశైలం బస్సులో చూశావు నాయనా. నేను నడిచి చూశాను" అంది.

పెంటల మీదుగా

అమ్మది నందికొట్కూరు దగ్గర ఊరు. పద్నాలుగేళ్ళప్పుడు వాళ్ళ తాతతో, ఊళ్ళో ఇంకో యాభై మందితో ఉగాదికి నడిచి వెళ్ళింది. ఆత్మకూరు దాటి వెంకటాపురం, అక్కణ్ణుంచి నాగలూటి వీరభద్రుడి గుడి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం. కన్నడ దేశం నుంచి వచ్చే భక్తులు ఇప్పటికీ ఉగాది ముందు ఈ దారినే నడుస్తారు. పాల్కురికి సోమనాథుడి పండితారాధ్య చరిత్రలో పర్వత ప్రకరణమంతా శ్రీశైల యాత్రే. అంటే ఏడు వందల ఏళ్ళకు పైగా తెలుగువాళ్ళు, కన్నడిగులు ఈ అడవిని కాళ్ళతో తొక్కి ఎరుగుదురు. "రాత్రి కాగడాలు. ముందొక డప్పు, వెనకొక డప్పు. చెంచులు దారి చూపించేవాళ్ళు. తలకింత అని వాళ్ళకిచ్చేవాళ్ళం" అని అమ్మ చెబుతుంటే గేటు లేచింది. ముప్పై బండ్లూ ఒక్కసారిగా ఉరికాయి.

మేం నెమ్మదిగా వెళ్ళాం. ఆ నెమ్మదిలోనే, ఇన్నేళ్ళూ కంటబడినా పట్టించుకోని ఊరి బోర్డులు చదివాను. దోమలపెంట. కృష్ణ దాటితే సున్నిపెంట. శ్రీశైలం కొండ దిగి దోర్నాల మీదుగా ఆత్మకూరు దారి పడితే ఘాట్‌లో రోళ్ళపెంట. పెంట అంటే చెంచుల గూడెం. మనం బస్సు దిగి టీ తాగే చోట్లకు పేర్లు పెట్టింది వాళ్ళే.

కృష్ణానది నల్లమలను లోతుగా కోసుకుంటూ పోతుంది. ఉత్తరపు గట్టున తెలంగాణ అమ్రాబాద్ అభయారణ్యం, 2,611 చదరపు కిలోమీటర్లు. దక్షిణపు గట్టున ఆంధ్రప్రదేశ్‌లోని నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యం, 3,700 చదరపు కిలోమీటర్లకు పైగా. 2014లో రాష్ట్రం విడిపోక ముందు రెండూ ఒకటే. 1978లో అభయారణ్యంగా ప్రకటించారు, 1983లో ప్రాజెక్ట్ టైగర్‌లో చేర్చారు. దక్షిణాన గుండ్ల బ్రహ్మేశ్వరం అడవి. గుండ్లకమ్మ పుట్టేది అక్కడే. ఆ దిగువన లంకమల కొండలు, శేషాచలం. పులి నడవదలిస్తే శ్రీశైలం మల్లన్న దగ్గర బయల్దేరి తిరుపతి వెంకన్న కొండల దాకా పోగలిగేలా ఈ వరసను కాపాడాలని అటవీశాఖ ఆశ.

2022 గణన లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో 63, తెలంగాణలో 21 పులులు తేలాయి. ఇంత విస్తీర్ణానికి ఇది చిన్న లెక్కే. అందుకే ముందే ఒక మాట చెప్పాలి. తడోబాలో కనిపించినట్టు నల్లమలలో పులి కనిపించదు. కొండలు, లోయలు, వెదురు పొదలు, ఎంత తిరిగినా తరగని అడవి. ఇక్కడి పులి జీపులకు అలవాటు పడలేదు. ఒక్క పులి చుట్టూ ఇరవై జీపులు మూగే దృశ్యం ఇక్కడ లేదు. అది ఎన్నడూ రాకూడదని కోరుకునేవాళ్ళలో నేనొకణ్ణి.

బైర్లూటిలో రెండు పూటలు

ఆత్మకూరు-దోర్నాల రోడ్డు మీద, కొండ మొదట్లో బైర్లూటి. పక్కనే చెంచుగూడెం. అటవీశాఖ వాళ్ళు కట్టిన జంగిల్ క్యాంపు అక్కడుంది. జీపు నడిపేది, దారి చూపేది గూడెం మనుషులే. మాకు గైడుగా వచ్చినాయనకు యాభై దాటి ఉంటాయి. అమ్మను చూడగానే "అవ్వా, ముందు కూసో, కుదుపులు తక్కువ" అని చెయ్యందించాడు.

మార్చి మూడో వారం. చెట్లు సగానికి పైగా ఆకు రాల్చేశాయి. అడవి పచ్చగా ఉంటేనే అందమనుకునేవాళ్ళకు ఈ కాలం నచ్చకపోవచ్చు. చూసేవాళ్ళకు ఇదే మేలు, ఎండాకులు రాలాక వంద గజాల దాకా చూపు ఆనుతుంది. మోదుగ పూలు చివరికొచ్చాయి. నల్లమద్ది మాన్లు మొసలి వీపు లాంటి బెరడుతో నిలబడ్డాయి. 2024లో పాపికొండల అడవిలో అటవీ సిబ్బంది ఒక నల్లమద్దికి గాటు పెడితే నీళ్ళు ఎగజిమ్మిన వీడియో చాలామంది చూసే ఉంటారు. ఆ చెట్టే ఇది. ఎండాకాలానికని కాండంలో నీళ్ళు దాచుకుంటుంది. పక్కనే ఏగిస, చిరుమాను, తునికి, బిల్లు. వాటి కింద, దారి పొడుగునా, పులికంప. పేరులో పులి ఉన్నా అది మన అడవి మొక్క కాదు. దక్షిణ అమెరికా నుంచి తోటల అందం కోసం తెచ్చిన లాంటానా. గడ్డిని మొలవనీయదు. గడ్డి లేకపోతే దుప్పి లేదు, దుప్పి లేకపోతే పులి లేదు. ఏటా దాన్ని పీకించడం అటవీశాఖకు తెగని పని.

మొదటి సాయంత్రం దుప్పులు మందలు మందలుగా కనిపించాయి. కొండముచ్చులు చెట్ల మీద కూర్చుని లేత చిగుళ్ళు సగం కొరికి పడేస్తుంటే కింద దుప్పులు ఏరుకుని తింటున్నాయి. ఇది ఊరికే కుదిరిన పొత్తు కాదు. పైనున్న కొండముచ్చుకు చూపు దూరం. కిందున్న దుప్పికి వాసన, చెవి. ఏది ముందు పసిగట్టినా రెండూ బతుకుతాయి. ఒక మనుబోతు నీలిగా మెరుస్తూ రోడ్డుకు అడ్డం నిలబడి మమ్మల్ని చాలాసేపు పరీక్షగా చూసి తొలగింది. కొండగొర్రెను అమ్మే చూపించింది. నాలుగు కొమ్ములుండే జింక జాతి ఇది, లోకంలో భారతదేశం, నేపాల్ తప్ప ఇంకెక్కడా లేదు. పొద్దుగూకే వేళకు గేటు బయటికి వచ్చేశాం.

మర్నాడు పొద్దున అదే దారిలో వంద గజాలు పోయామో లేదో గైడు చెయ్యెత్తాడు. జీపు ఆగింది. కిందికి దిగడానికి వీల్లేదు, దిగనక్కర్లేదు కూడా. మెత్తటి దుమ్ములో వరసగా అడుగులు, ఒక్కోటి నా అరచెయ్యంత. గోళ్ళ గుర్తులు లేవు, నడిచేటప్పుడు పులి గోళ్ళు లోపలికి ముడుచుకుంటుంది.

"ఆడది సారూ. మగదానికి పంజా చదరంగా పడతాది. ఇది చూడండి, కొంచెం పొడుగు" అన్నాడు. తర్వాత వేలితో ఇంకోటి చూపించాడు. నిన్న సాయంత్రం మా జీపు వెనక్కి వచ్చిన టైరు అచ్చు అక్కడుంది. ఆ అచ్చు మీద దాని అడుగు పడింది.

మేం గేటు దాటి, భోజనం చేసి, నిద్రపోయిన తర్వాత అది మా దారినే నడిచి వెళ్ళింది. నిజానికి దాని దారినే మేం నడిచామనాలి. ఈ ప్రయాణం మొత్తంలో నా మనసులో నాటుకుపోయింది ఆ ఒక్క అచ్చు.

ఇంకాస్త ముందుకెళ్ళాక దారి వారన ఒక చెట్టు దగ్గర వాసన. ముందు అమ్మే అంది, "ఎవరో అన్నం వండుతున్నారు" అని. చుట్టుపక్కల పొయ్యి లేదు, మనిషి లేడు. గైడు తల ఊపాడు. పులి తన హద్దు గుర్తు చెట్టు మీద చిమ్మి పోయింది. కలకత్తా శాస్త్రవేత్త ఆర్.ఎల్. బ్రహ్మచారి ఏళ్ళ తరబడి పులి వాసనల మీద పరిశోధన చేసి తేల్చిన సంగతి ఇది. బాస్మతి బియ్యానికి ఆ సువాసన ఇచ్చే పదార్థమే పులి చిమ్మే ద్రవంలోనూ ఉంది. పుస్తకాల్లో చదివినప్పుడు నమ్మబుద్ధి కాలేదు. ఆ పొద్దు, ఎండుటాకుల మధ్య, ఉడుకుతున్న బాస్మతి అన్నం వాసన నా ముక్కుకు తగిలింది.

జీపు ఇంజన్ ఆపేశాం. గైడు పెదవుల మీద వేలుంచుకున్నాడు.

మొదట ఏమీ లేదు. తర్వాత ఎడమ వైపు వాగు అవతల కొండముచ్చు దగ్గినట్టు ఖక్... ఖక్... మని అరిచింది. వెంటనే దుప్పులు. సన్నగా, పదునుగా, ఈల వేసినట్టు. గైడు కదల్లేదు. "దుప్పి ఊరికే బెదురుతాది. నెమలి ఎగిరినా అరుస్తాది" అని మెల్లగా అన్నాడు. అయిదు నిమిషాలు గడిచాయి. అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది.

"కణితి."

నాకు వినపడలేదు. గైడు ఆశ్చర్యంగా వెనక్కి తిరిగి చూశాడు. మరుక్షణం ఇంకోసారి వచ్చింది ఆ అరుపు. గంట మీద కొట్టినట్టు, బరువుగా, ఒక్కటే దెబ్బ. "అవ్వ చెవి మంచిది" అన్నాడాయన. కణితి ఊరికే అరవదు. చిరుతో పులో కంటపడితేనే అరుస్తుంది, అది కదిలినంతసేపూ అరుస్తుంది. ఆ అరుపును బట్టి లోయలో దాని నడక మాకు కనిపించినంత పనయింది. వాగు దగ్గర ఒకటి. కాసేపటికి ఇంకాస్త పైన. తర్వాత గుట్ట మలుపులో. ఆఖరుకు గుట్ట అవతల, చాలా సన్నగా.

ఇరవై నిమిషాలు. ఎవరం మాట్లాడలేదు. కనిపించలేదు.

"అరవై ఏళ్ళ కింద పెచ్చెరువు కాడ రాత్రి ఇట్లనే అరిచింది. మా తాత డప్పు ఆపించి అందర్నీ కూచోబెట్టినాడు. అది పోయినంక లేచినాం" అంది అమ్మ. గైడు ఆ మాటకు చాలా సంతోషపడ్డాడు. నువ్వెన్నిసార్లు చూశావన్నా అని అడిగితే, "లెక్క పెట్టలేదు సారూ. ఎదురైతే నిలబడతాం. దారి దానిది గదా. అది పోయినంక మనం పోతాం" అన్నాడు. రెండు పూటల్లోనూ ఆయన నోట పులి అన్న మాట రాలేదు. "పెద్దది" అనే అన్నాడు.

తిరుగుదారిలో ఎలుగు కనిపించింది. ఇప్పచెట్టు కింద తల్లి, దాని వీపు మీద జుట్టు పట్టుకుని పిల్ల. ఎలుగుబంటి పిల్లల్ని వీపు మీద మోస్తుంది. పై దవడలో ముందు రెండు పళ్ళుండవు. ఆ సందులోంచే చెదపురుగుల్ని గొట్టంతో పీల్చినట్టు లాగేస్తుంది. మేం విన్నది ఆ చప్పుడే, ఇప్పపూల మీద. చుట్టూ ఉన్న నిశ్శబ్దంలో ఆ జుర్రుకోవడం మా దాకా స్పష్టంగా వచ్చింది. గాలి మా వైపు నుంచి మళ్ళింది. తలెత్తి ఒకసారి మూతి ఆడించి, ఏ తొందరా లేకుండా పొదల్లోకి వెళ్ళిపోయింది. పులి కంటే ఎలుగుకే ఎక్కువ భయపడతామని గూడెం వాళ్ళందరూ చెప్పారు.

పెద్ద గుమ్మడాపురం పిల్లలు

పులిని ఎలా లెక్కపెడతారని చాలామంది అడుగుతారు. మన వేలిముద్రల్లాగే ఏ రెండు పులుల చారలూ ఒకటి కావు. అంతే కాదు, ఒకే పులికి కుడి పక్క చారలు వేరు, ఎడమ పక్క చారలు వేరు. అందుకని దారికి అటొకటి ఇటొకటి ఎదురెదురుగా కెమెరాలు కడతారు. పులి నడిచినప్పుడు రెండు పక్కలా ఫొటో పడాలి. వాటిని కంప్యూటర్ మీద పోల్చి ఒక్కో పులికి ఒక నంబరు ఇస్తారు. టీ-108 అలాంటి నంబరే.

2023 మార్చి మొదటి వారం. నంద్యాల జిల్లా కొత్తపల్లి మండలం పెద్ద గుమ్మడాపురం దగ్గర ఊరివాళ్ళకు నాలుగు పులిపిల్లలు కనిపించాయి. తల్లి లేదు. కుక్కలు మీద పడకుండా ఊరివాళ్ళు వాటిని ఒక గదిలో పెట్టి కాపాడి కబురు చేశారు. నాలుగూ ఆడపిల్లలే. తల్లి టీ-108 అని అటవీశాఖ తేల్చింది. పిల్లల్ని తల్లి దగ్గరకు చేర్చాలని సిబ్బంది రాత్రీ పగలూ అడవి గాలించారు. ఫలించలేదు. చివరికి పిల్లల్ని తిరుపతి జూకు తరలించారు. ఆ రోజుల్లో రెండు రాష్ట్రాల్లో టీవీలన్నీ ఆ నాలుగు పిల్లల్నే చూపించాయి. తెలుగు ఇళ్ళల్లో నల్లమల పులి గురించి అంతగా మాట్లాడుకోవడం నాకు తెలిసి అదే మొదటిసారి.

ఆ కథలో నన్ను కదిలించేవి రెండు. ఒకటి, ఊరివాళ్ళు. మేకలు, బర్రెలు మేపుకుని బతికే ఊరు అది. పులిపిల్లలకు వాళ్ళు హాని చెయ్యలేదు. రెండోది, పోయినదేమిటన్నది. పులిపిల్ల రెండేళ్ళ దాకా తల్లి వెంటే తిరుగుతుంది. పొంచడం, గాలివాటం చూసుకోవడం, గొంతు పట్టడం అన్నీ ఆ రెండేళ్ళలో నేర్చుకోవాలి. నాలుగు ఆడపిల్లలు అంటే అడవికి రాబోయే ఏళ్ళ సంతానం. చిన్న లెక్కలో అంత పెద్ద నష్టం.

తాడు పట్టేది బావమరిది

ఈ అడవిని ఒకప్పుడు పేపర్లలో అన్నల అడవి, అంటే నక్సలైట్ల అడవి, అనేవాళ్ళం. తుపాకుల కాలంలో అటవీ సిబ్బంది లోపలికి వెళ్ళలేకపోయిన ఏళ్ళున్నాయి. పరిశోధకులు రాలేదు, లెక్కలు సరిగా జరగలేదు. అడవిని వదలనిది చెంచులే. ఇప్పుడు గస్తీ క్యాంపుల్లో అడుగుజాడలు చూసేది, కెమెరాలు ఏ మలుపులో కట్టాలో చెప్పేది, మంటలు లేస్తే ముందు పరుగెత్తేది ఎక్కువగా వాళ్ళే. హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త నైజాం కాలంలో ఈ పెంటల్లో ఉండి వాళ్ళ మీద రాసిన పుస్తకం 1943లో అచ్చయింది. అప్పటి నుంచి చెంచుల గురించి చాలామంది రాశారు. వాళ్ళ చేతికి అడవి మీద అధికారం మాత్రం పెద్దగా రాలేదు.

గైడు ఇంట్లో తేనె పెట్టారు. కొండచరియ అంచున పట్టే పెద్ద తేనెపట్టు నుంచి తీసింది. వెదురుతోనో నారతోనో పేనిన తాడు పట్టుకుని మనిషి రాత్రిపూట చరియ మీంచి దిగుతాడు. పైన తాడు దగ్గర కాపలాగా ఎవర్నిపడితే వాళ్ళని ఉంచరు. భార్య తమ్ముణ్ణో అన్ననో ఉంచుతారు. అక్కచెల్లెళ్ళ బొట్టు నిలవాలని కోరేవాడు ఆ తాడు వదలడు కదా. ఈ మాట విని అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

లోపలి గూడేలను ఖాళీ చేయించి బయటికి తరలించాలన్న ప్రతిపాదన అమ్రాబాద్ వైపు నడుస్తోంది. ఒప్పుకున్న కుటుంబానికి 15 లక్షల రూపాయల పరిహారం. పిల్లలకు బడి కావాలని, ఆస్పత్రి కావాలని వెళ్ళదలచినవాళ్ళను ఆపే హక్కు ఎవరికీ లేదు. కానీ కణితి అరుపుకీ దుప్పి అరుపుకీ తేడా తెలిసిన మనుషుల్ని అడవి నుంచి పంపేసి, ఆ తేడా తెలియని మనల్ని జీపుల్లో లోపలికి తీసుకుపోవడం పులికి మేలు చేస్తుందంటే నేను నమ్మను. 2006 అటవీ హక్కుల చట్టం వాళ్ళకిచ్చిన మాట ముందు నిలబెట్టాలి. 2019లో యురేనియం తవ్వకాల మాట వచ్చినప్పుడు ఎక్కడెక్కడి తెలుగువాళ్ళో నల్లమల కోసం గొంతెత్తారు. తెలంగాణ శాసనసభ ఆ సెప్టెంబర్‌లో తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. ఆ గొంతు చెంచుల కోసం కూడా లేవాలి.

నల్లమలలో పెద్ద జంతువుల్నే చూడాలని లేదు. 1899లో గుత్తిలో, రైల్వే కలప గోదాములో, నెమలి మెడ లాంటి నీలిరంగు సాలీడు ఒకటి దొరికింది. బ్రిటిష్ శాస్త్రవేత్త పోకాక్ దాన్ని వర్ణించి పేరు పెట్టాడు. ఆ తర్వాత నూరేళ్ళ పాటు అది ఎవరికీ కనిపించలేదు. 2001లో మళ్ళీ దొరికింది. గుత్తిలో కాదు, అక్కడికి వంద కిలోమీటర్ల అవతల, నంద్యాల-గిద్దలూరు మధ్య నల్లమలలో. నరికిన దుంగల్లో దాక్కుని రైలెక్కి గుత్తి చేరిందన్నమాట. ముసలి చెట్ల తొర్రల్లో తప్ప అది బతకదు. ఇప్పుడది అంతరించడానికి అతి చేరువలో ఉన్న జీవుల జాబితాలో ఉంది. దాని ఇల్లు ఈ అడవి. నంద్యాల-గిద్దలూరు దారిలోని పచ్చర్ల వైపు వెళ్ళేవాళ్ళు ఆ సంగతి గుర్తుంచుకుని చెట్లను చూడాలి.

మళ్ళీ గేటు దగ్గరికి

మూడో రోజు శ్రీశైలం ఎక్కాం. దర్శనం బాగా జరిగింది. మల్లన్న చెంచుల ఆడపడుచును పెళ్ళాడాడని, అందుకే ఆయన చెంచు మల్లయ్య అని అమ్మ క్యూలో పక్కవాళ్ళకు చెప్పింది.

తిరుగుదారిలో ఘాట్ మలుపుల దగ్గర కార్లు ఆపి కోతులకు అరటిపళ్ళు, చిప్స్ పొట్లాలు వేస్తున్నారు. పుణ్యమనుకుని వేస్తున్నారు. అడవిలో పండ్లు కోసుకుని, గింజలు చల్లి, చెట్లు మొలిపించాల్సిన కోతి అడవి వదిలి రోడ్డుకు చేరుతుంది. రోడ్డు మీద బండ్ల కింద పడుతుంది. పొట్లం వాసనకు దుప్పి వస్తుంది, ప్లాస్టిక్ మింగుతుంది. దుప్పి వెనక చిరుత వస్తుంది. మనం వేసిన ఒక్క అరటిపండు ఆ చిరుతను బస్సు కిందికి తెస్తుంది. దయచేసి వేయకండి. నీళ్ళ సీసాలు వెంట తెచ్చినవి వెంటే తీసుకుపోండి. మార్చిలో, ఏప్రిల్‌లో సగం కాలిన బీడీ ఒక్కటి చాలు, గుట్ట మొత్తం తగలబడుతుంది. ఆ మంటల్లో ముందు పోయేవి నేల మీది గూళ్ళు, కొండగొర్రె పిల్లలు, తాబేళ్ళు.

వెళ్ళదలచినవాళ్ళకు నాలుగు మాటలు. తెలంగాణ వైపు మన్ననూరు దగ్గర ఫరహాబాద్ నుంచి సఫారీ ఉంది. ఆంధ్ర వైపు బైర్లూటి, పచ్చర్ల, శ్రీశైలం-దోర్నాల దారిలో తుమ్మలబైలు. గది ముందే బుక్ చేసుకోవాలి. ఎండ భరించగలిగితే మార్చి, ఏప్రిల్ నెలలు మంచివి. నీటి గుంటల దగ్గరకు జంతువులు చేరతాయి. అడవి పచ్చగా, చల్లగా కావాలంటే అక్టోబర్, నవంబర్. మట్టి రంగు బట్టలు వేసుకోండి, సెంటు పూసుకోకండి. బైనాక్యులర్స్ ఫోన్ కెమెరా కంటే ఎక్కువ చూపిస్తాయి. జీపులో మాట్లాడకండి. గైడు ఇంజన్ ఆపమంటే పది నిమిషాలైనా విసుక్కోకుండా వినండి. ఇంట్లో అమ్మమ్మో నాయనమ్మో ఉంటే తప్పకుండా వెంట తీసుకెళ్ళండి. ఆ అడవిని నడిచినవాళ్ళు ఇంకా మన ఇళ్ళల్లో ఉన్నారు.

దోమలపెంట దాటేసరికి సాయంత్రం. రాత్రి 9 దాటితే మన్ననూరు గేటు పడుతుందని అందరూ తొందరపడుతున్నారు. మేం ఎనిమిదిన్నరకు గేటు బయట పడ్డాం. టీ బంకు దగ్గర ఆగి చూస్తుండగానే తొమ్మిదయింది, గేటు పడింది. రెండు నిమిషాలు ఆలస్యమైన కారొకటి ఇటునుంచి శ్రీశైలం వెళ్ళాలని వచ్చి గార్డుతో గొడవ పెట్టుకుంది. అమ్మ ఆ కారు దగ్గరికి వెళ్ళి డ్రైవర్‌తో, "పదిహేను గంటలు మనకిచ్చినారు నాయనా. ఈ తొమ్మిది గంటలు దానివి. దాన్ని నడవనీ" అంది.

ఈసారి శ్రీశైలం బయల్దేరేటప్పుడు ఒక పూట ఎక్కువ పెట్టుకోండి. జూలై నుంచి సెప్టెంబర్ చివరి దాకా సఫారీలు ఉండవు. అక్టోబర్‌లో మళ్ళీ మొదలవుతాయి.